జవాబు సిద్ధమయ్యాకే పిలుపు

కంప్యూటరు ఆన్ చేశాక, లినక్స్ కెర్నెల్ తన సొంత సి కోడులోకి వచ్చీ రాగానే చేసే పనుల్లో ఒకటి, బయటి పిలుపులేవీ తనకు వినబడకుండా చూసుకోవడం. సోర్సులో ఇనిట్ అనే ఫోల్డరు ఉంటుంది. అందులోని మెయిన్ ఫైలు తెరిస్తే స్టార్ట్ కెర్నెల్ అనే ఫంక్షను కనిపిస్తుంది. దాని మొదటి కొద్ది వరసల్లోనే ఇంటరప్టులను ఆపే వాక్యం ఉంది. వాటిని తిరిగి తెరిచే వాక్యం కోసం మాత్రం చాలా కిందికి వెళ్లాలి. ఈ రెండు వాక్యాల మధ్య ఏమేం జరుగుతుంది, ఏది ముందు, ఏది వెనక, ఎందుకలా అన్నది తెలిస్తే ఆపరేటింగ్ సిస్టం సగం అర్థమైనట్టే. ఏ పనినైనా మొదలుపెట్టే పద్ధతి కూడా దాంతోపాటే కొంత అబ్బుతుంది.

ఈ అధ్యాయాన్ని ముఖ్యంగా పామేడు లాంటి ఊళ్ల పిల్లలను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. పామేడు ఛత్తీస్‌గఢ్‌లో, బీజాపూర్ జిల్లా ఉసూరు బ్లాకులో ఉంది. జిల్లా కేంద్రం ఒకవైపు, సంతా సరుకూ ఇంకోవైపు. అంగడి పనికైనా, భద్రాచలం ప్రయాణానికైనా అక్కడివాళ్లు తెలంగాణలోని చర్ల వైపే చూస్తారు. ఇంట్లో కోయ మాట, సంతలో తెలుగు, బడిలో హిందీ. ఆ మూడూ దాటి ఇంజినీరింగులో చేరితే ఇంగ్లీషు. అలాంటి చోటునుంచి వచ్చిన కుర్రాడికీ అమ్మాయికీ అందరూ ఇచ్చే సలహా ఒకటే: వెబ్‌సైట్లు కట్టడం నేర్చుకో, తొందరగా ఉద్యోగం దొరుకుతుంది. నా సలహా అది కాదు. వెబ్ పని నేర్చుకోవాలంటే రోజంతా నెట్ ఉండాలి. కెర్నెల్ చదవడానికి అక్కర్లేదు. చర్లలోనో భద్రాచలంలోనో కూర్చుని ఒక్కసారి సోర్సు కోడు, కంపైలరు, క్యూఎము అనే ఎమ్యులేటరు దించుకుంటే నెలల తరబడి చదువుకోవచ్చు. క్యూఎము మీ పాత లాప్‌టాప్ లోపలే ఇంకో కంప్యూటరును నడుపుతుంది. ప్రాసెసరు, డిస్కు, టైమరు, ఇంటరప్టు కంట్రోలరు అన్నీ అందులో ఉంటాయి. ఎంత పాడు చేసినా పైసా ఖర్చు లేదు. సిగ్నల్ దొరికీ దొరకని ఊరికి సాఫ్ట్‌వేరులో ఇంతకంటే తగిన చదువు ఇంకొకటి లేదని నా గట్టి నమ్మకం.

ఇక అసలు సంగతి. కీబోర్డు మీద అక్షరం నొక్కారు, డిస్కు చదవడం పూర్తయింది, టైమరు గడువు ముగిసింది. ఇలాంటిది ఏది జరిగినా ఆ పరికరం ప్రాసెసరును పిలుస్తుంది. ఆ పిలుపే ఇంటరప్టు. ప్రాసెసరు చేస్తున్న పని ఆపి, ఈ నంబరు పిలుపుకు ఎవరు జవాబు చెప్పాలో ఒక పట్టికలో చూసుకుని, అక్కడున్న చిరునామాకు దూకుతుంది. ఆ పట్టిక ఇంకా నింపలేదనుకోండి. ప్రాసెసరుకు ఆ సంగతి తెలియదు. అక్కడ ఏ చెత్త అంకె ఉంటే దాన్నే చిరునామా అనుకుని దూకుతుంది. మెషీను ఆగిపోతుంది, లేదా మొదటినుంచి మళ్లీ బూట్ అవుతుంది. తప్పు ఫలానా చోట జరిగిందని చెప్పే నోరు కూడా అప్పటికి దానికి ఉండదు, తెర మీద రాసే ఏర్పాటు ఇంకా పూర్తి కాలేదు కాబట్టి.

పట్టిక ఉన్నా, నంబర్లు సరిగ్గా లేకపోతే అదో తంటా. దీనికి పీసీల చరిత్రలో మంచి ఉదాహరణ ఉంది. ఇంటెల్ ప్రాసెసర్లలో 0 నుంచి 31 దాకా ఉన్న నంబర్లను ప్రాసెసరు సొంత తప్పిదాల కోసం ఇంటెల్ అట్టిపెట్టింది. సున్నాతో భాగించడం, లేని మెమరీని తాకడం లాంటివి అందులోకి వస్తాయి. అయితే 1981లో వచ్చిన ఐబీఎం పీసీ, బయటి పరికరాల మొదటి ఎనిమిది పిలుపులకు 8 నుంచి 15 దాకా నంబర్లు ఇచ్చింది. టైమరుది మొట్టమొదటి పిలుపు, కాబట్టి దానికి 8 వచ్చింది. తర్వాతి ప్రాసెసర్లలో అదే 8, డబుల్ ఫాల్ట్ అనే ఘోరమైన తప్పిదానికి గుర్తు. సొంతంగా చిన్న ఆపరేటింగ్ సిస్టం రాయడం మొదలుపెట్టిన వాళ్లు ఇంటరప్టులు తెరిచిన మరుక్షణం డబుల్ ఫాల్ట్ చూసి, కోడంతా తిరగేసి, ఎక్కడా తప్పు దొరక్క తల పట్టుకుంటారు. జరిగిందల్లా టైమరు ఒకసారి కొట్టుకోవడమే. అందుకే పీసీ కెర్నెల్ ఏదైనా పాత ఇంటరప్టు కంట్రోలరు చిప్పుకు ముందు కొత్త నంబర్లు నేర్పుతుంది, 32 నుంచి మొదలుపెట్టి. ఆ తర్వాతే మిగతా పని.

పట్టిక నింపడం, నంబర్లు సర్దడం అయ్యాక గడియారాల వంతు. కంప్యూటరులో గడియారం ఒకటే ఉంటుందనుకుంటాం. నిజానికి మూడు రకాల పనులకు మూడు ఏర్పాట్లుంటాయి. ఇవాళ తేదీ ఎంత అని చెప్పేది ఒకటి. మొదలుపెట్టి ఎంతసేపైందో లెక్కపెడుతూ పోయేది ఇంకొకటి. ఫలానా సమయానికి నన్ను లేపు అంటే లేపేది మూడోది. మూడోది పిలుపు పంపుతుంది కాబట్టి దాన్ని ఇంటరప్టుల నుంచి విడదీయలేం. ఆ పిలుపే లేకపోతే కెర్నెల్ ఒక ప్రోగ్రాం చేతిలోంచి ప్రాసెసరును లాక్కుని ఇంకో ప్రోగ్రాంకు ఇవ్వలేదు.

ఇదంతా మీ లాప్‌టాప్ మీదే చూడొచ్చు. లినక్స్‌లో డీ మెసేజ్ అనే ఆజ్ఞ ఇస్తే బూట్ అయినప్పటి కెర్నెల్ మాటలన్నీ వరసగా వస్తాయి. ప్రతి వరసకు ముందు బ్రాకెట్లలో సమయం ఉంటుంది. మొదటి పేజీని నిదానంగా చూడండి. 0.000000, 0.000000, 0.000000 అంటూ ఎన్నో వరసలు అదే అంకెతో పోతాయి. అవన్నీ ఒకే క్షణంలో జరిగాయని కాదు. అప్పటికి కెర్నెల్ చేతిలో గడియారం లేదు, అందుకని అన్నిటికీ సున్నాయే వేసింది. ఇంటెల్, ఏఎండీ లాప్‌టాపుల్లో టీఎస్‌సీ అనే ప్రాసెసరు సొంత గడియారం ఇన్ని మెగాహెర్ట్జ్ అని చెప్పే వరస దాటాక అంకెలు కదలడం మొదలవుతుంది. రాస్ప్‌బెర్రీ పై 3 లాంటి బోర్డు మీదైతే ఆర్చ్ టైమరు 19.20 మెగాహెర్ట్జ్ మీద నడుస్తోందన్న వరస దగ్గర కదులుతాయి. సున్నాలు ఆగి అంకె కదిలే ఆ వరసను వేలితో చూపించగలిగితే, పాఠ్యపుస్తకంలో పేజీలకొద్దీ ఉన్నదాన్ని మీరు కళ్లారా చూసినట్టే.

ఆ టీఎస్‌సీ వేగం కెర్నెల్‌కు ఎలా తెలిసింది? కొత్త ప్రాసెసర్లు కొన్ని తామే చెబుతాయి. చెప్పనప్పుడు కెర్నెల్ వేగం తెలిసిన గడియారాన్ని పక్కన పెట్టుకుని, తెలియనిదాన్ని దానితో కొలుస్తుంది. పీసీలో ఆ తెలిసిన గడియారం 8254 అనే పాత టైమరు చిప్పు, సెకనుకు 11,93,182 సార్లు లెక్కపెడుతుంది. ఇంత వంకర అంకె ఎక్కడిదంటే, తొలి ఐబీఎం పీసీలో 14.31818 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉండేది. అమెరికా కలర్ టీవీ సంకేతానికి కావలసిన పౌనఃపున్యానికి అది నాలుగు రెట్లు. దాన్ని 12తో భాగించి టైమరుకిచ్చారు. నలభై ఏళ్లు దాటినా కెర్నెల్ కోడులో ఆ అంకె అలాగే ఉంది.

తేదీ చెప్పే గడియారం వీటికి వేరు. మదర్‌బోర్డు మీద నాణెమంత బ్యాటరీతో, సెకనుకు 32,768 సార్లు కొట్టుకునే చిన్న క్రిస్టల్‌తో, కరెంటు లేకున్నా నడుస్తుంది. బూట్ అయ్యేటప్పుడు కెర్నెల్ దాన్ని చదివి తన తేదీ సర్దుకుంటుంది. పామేడు లాంటి చోట ఈ చిన్న ముక్కకు పెద్ద విలువ. బడికో హాస్టలుకో చవగ్గా దొరుకుతుందని రాస్ప్‌బెర్రీ పై పెట్టారనుకోండి. 2023లో వచ్చిన పై 5 కంటే ముందున్న వాటిలో ఈ గడియారం లేనే లేదు. పై 5లో ఉన్నా బ్యాటరీ మనమే విడిగా తగిలించాలి. నెట్ ఉన్నచోట సరైన సమయం నెట్ నుంచి వస్తుంది కాబట్టి ఎవరికీ లోటు తెలియదు. నెట్ లేనిచోట కరెంటు పోయి వస్తే బోర్డు తాను ఆగిపోయిన సమయం దగ్గరే ఉన్నాననుకుంటుంది. పిల్లల హాజరు ఫైళ్లకు తప్పు తేదీలు పడతాయి. తేదీ బాగా వెనకబడితే, తర్వాత సిగ్నల్ దొరికినా సురక్షిత వెబ్‌సైట్లు తెరుచుకోవు, వాటి సర్టిఫికెట్ ఇంకా మొదలే కాలేదని మెషీను అనుకుంటుంది. డీఎస్3231 అనే చిన్న మాడ్యూలు కొని నాలుగు వైర్లు కలిపితే ఈ బాధ పోతుంది. మామూలు వాతావరణంలో అది ఏడాదికి ఒక నిమిషం అటూఇటూ తప్ప తేడా రానివ్వదు. ఊరికి కంప్యూటరు ఇచ్చే దాతలు తెర ఎంత పెద్దదని అడుగుతారు, గడియారం ఉందా అని అడగరు. మీరు అడగండి.

ఇవన్నీ అయ్యాక ఇంటరప్టులను తెరిచే వాక్యం వస్తుంది. అంతకంటే ముందే ఎవరైనా పొరపాటున తెరిచేస్తే, ఇంటరప్టులు ముందే తెరుచుకున్నాయని లినక్స్ హెచ్చరిక కూడా రాస్తుంది. అయితే ఈ వరసను పూజా విధానంలా బట్టీపట్టకండి. ఇంటెల్ తరహా మెషీన్ల మీద లినక్స్ అసలు టైమరు చిప్పును నడిపించేది ఇంటరప్టులు తెరిచిన తర్వాతే. ఆ చిప్పు రిజిస్టర్లను చేరుకోవడానికి మెమరీని ఒక పద్ధతిలో కేటాయించుకోవాలి, ఆ సేవ అప్పటికి గానీ సిద్ధం కాదు. ఏది దేని మీద ఆధారపడి ఉందో అదే వరసను నిర్ణయిస్తుంది. కాబట్టి కోడు చదువుతున్నప్పుడు ఇది దీనికంటే ముందెందుకు ఉంది అని అడగాలి. జవాబు దొరకకపోతే ఆ రెండిటినీ తారుమారు చేసి చూడాలి.

తారుమారు చేసి చూడటానికి లినక్స్ పెద్దది. ఎంఐటీలో 2006లో పాఠం చెప్పడానికి రాసిన ఎక్స్‌వీ6 అనే చిన్న ఆపరేటింగ్ సిస్టం ఉంది. ఇప్పుడది రిస్క్-ఫైవ్ ప్రాసెసరు మీద, క్యూఎములో నడుస్తుంది. మన దేశంలో ఐఐటీ మద్రాసు శక్తి ప్రాసెసర్లూ, సీ-డాక్ వేగా ప్రాసెసర్లూ ఈ రిస్క్-ఫైవ్ కోవలోవే. ఎక్స్‌వీ6 మెయిన్ ఫంక్షను ఒక్క పేజీలో సరిపోతుంది: కన్సోలు, మెమరీ, ప్రాసెసుల పట్టిక, తర్వాత ట్రాప్ ఇనిట్, ఆ తర్వాత ప్లిక్ ఇనిట్. ప్లిక్ అంటే ఇంటరప్టు కంట్రోలరు. ప్లిక్ ఇనిట్‌లో ఉన్నవి రెండే ముఖ్యమైన వరసలు. ఒకటి సీరియల్ పోర్టు పిలుపుకు ప్రాధాన్యం 1 అని రాస్తుంది, రెండోది డిస్కు పిలుపుకు 1 అని రాస్తుంది. ప్రాధాన్యం సున్నా అయితే ఆ పిలుపు ప్రాసెసరు దాకా రాదు.

ఇప్పుడు డిస్కు వరసను కామెంట్ చేసి మళ్లీ నడపండి. కెర్నెల్ బూట్ అవుతోందన్న వరస వస్తుంది, మిగతా ప్రాసెసర్లు మొదలయ్యాయన్న వరసలూ వస్తాయి. అంతే, ఆజ్ఞలు తీసుకునే షెల్ రాదు. క్రాష్ కాలేదు, తప్పు సందేశం లేదు. జరిగిందేమిటంటే, మొదటి ప్రాసెసు ఫైల్ సిస్టం చదవమని డిస్కుకు చెప్పి నిద్రపోయింది. డిస్కు తన పని క్షణంలో ముగించి పిలిచింది. ఆ పిలుపు కంట్రోలరు దగ్గరే ఆగిపోయింది. పని పూర్తయింది, చెప్పవలసినవాళ్లకు కబురు అందలేదు. షెడ్యూలరు తిరుగుతూనే ఉంటుంది, లేపవలసిన ప్రాసెసు నిద్రలోనే ఉంటుంది. ఒక్క వరస తీసేస్తే ఇంత స్పష్టంగా కనిపించే పాఠం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ వరసను తిరిగి పెట్టి, ఈసారి స్టార్ట్ ఫైల్లో టైమరును సిద్ధం చేసే ఫంక్షన్ను పిలిచే చోట కామెంట్ పెట్టండి. ఒకే ప్రాసెసరుతో నడిచేలా సీపీయూల సంఖ్య 1 అని ఇవ్వండి. ఊరికే తిరుగుతూ ఉండే నాలుగు వరసల ప్రోగ్రాం రాసి, వెనకాల నడవమని షెల్‌కు చెప్పండి. ఆపైన ఏ ఆజ్ఞ కొట్టినా నడవదు. విచిత్రమేమిటంటే మీరు కొట్టే అక్షరాలు మాత్రం తెర మీద పడుతూనే ఉంటాయి. సీరియల్ పోర్టు మీదుగా కీబోర్డు పిలుపు వస్తోంది, దాని జవాబుదారు అక్షరాన్ని తెరకు పంపుతున్నాడు. కానీ తిరుగుడు ప్రోగ్రాం చేతిలోంచి ప్రాసెసరును తీసుకుని షెల్‌కు ఇచ్చే టైమరు లేదు. టైమరును తిరిగి తెరిస్తే దాదాపు సెకనులో పదో వంతుకొకసారి ఆ మార్పిడి జరిగి అంతా మామూలైపోతుంది.

ప్రయోగం నడిపే ముందు ఏమవుతుందనుకుంటున్నారో నోటుబుక్కులో రాయండి. ఇది చాలా ముఖ్యం. తర్వాత చూసి ఓహో అనుకుంటే రెండు రోజుల్లో మరిచిపోతారు. ముందు రాసిన ఊహ తప్పయితే ఆ తప్పు మీకు జీవితాంతం గుర్తుంటుంది. కోయలో రాసినా, తెలుగులో రాసినా, హిందీలో రాసినా సరే. ఇంగ్లీషులోనే ఆలోచించాలని కెర్నెల్ ఎవరినీ అడగదు.

ఈ క్రమశిక్షణ అంతా కంప్యూటరు గదుల్లోనే ఉంటుందనుకోకండి. పామేడు వాళ్లు ఎన్నోసార్లు చేత్తో తాకిన ఒక యంత్రంలోనూ, దాన్ని వాడే పద్ధతిలోనూ ఉంది. ఈవీఎం. దేశంలో ఈవీఎంలు తయారుచేసేవి రెండే సంస్థలు, హైదరాబాద్‌లోని ఈసీఐఎల్, బెంగళూరులోని బీఈఎల్. ఈసీఐఎల్ 1967లో మొదలైంది. దాన్ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు పేరు మీదే ఏఎస్ రావు నగర్ వెలిసింది. 1969లోనే టీడీసీ-12 అనే కంప్యూటరు చేసిన సంస్థ అది. బీజాపూర్ జిల్లా బస్తర్ లోక్‌సభ స్థానంలోకి వస్తుంది, అక్కడ 2024 ఏప్రిల్ 19న పోలింగ్ జరిగింది. ఈ అడవుల్లో కొన్ని పోలింగ్ బృందాలను, యంత్రాలను హెలికాప్టర్లలో దింపుతారు. ఓటరు లోపలికొచ్చేసరికి యంత్రం ఆన్ చేసి పెట్టి ఉంటుందంతే అనుకుంటారు చాలామంది. ఇల్లలకగానే పండగ కాదు. పోలింగుకు గంటన్నర ముందు ఏజెంట్ల ఎదుట మాక్ పోల్ జరుగుతుంది, కనీసం 50 ఓట్లు వేస్తారు. ఫలితం చూస్తారు, వీవీప్యాట్ చీటీలతో సరిచూస్తారు. తర్వాత క్లియర్ నొక్కి అంతా సున్నా చేస్తారు. సీలు వేస్తారు. అప్పుడే అసలు పోలింగు.

ఓటింగు నడిచేటప్పుడు కూడా చూడండి. కంట్రోల్ యూనిట్ దగ్గరున్న అధికారి బ్యాలట్ బటన్ నొక్కితేనే ఓటరు ముందున్న యూనిట్ ఓటు తీసుకుంటుంది. ఒక ఓటు పడగానే అది మూసుకుంటుంది. మళ్లీ అధికారి నొక్కేదాకా ఓటరు ఎన్నిసార్లు నొక్కినా లెక్కలోకి రాదు. ఒక పిలుపుకు జవాబు పూర్తయ్యేదాకా రెండోదాన్ని రానివ్వకపోవడం అంటే ఇదే. లోపల తేదీ, సమయం చెప్పే గడియారం ఉంది, నొక్కిన ప్రతి మీటా సమయంతో సహా నమోదవుతుందని ఎన్నికల సంఘం చెబుతుంది. నెట్ లేదు, కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ మీద నడుస్తుంది.

ఎప్పుడైనా ఏదో ఒక బూత్‌లో మాక్ పోల్ తర్వాత క్లియర్ నొక్కడం మరిచిపోతారు. పరీక్ష ఓట్లు అసలు ఓట్లలో కలిసిపోతాయి. దాన్ని తేల్చడానికి ఎన్నికల సంఘం ప్రత్యేక నిబంధనలే పెట్టుకోవలసి వచ్చింది. కెర్నెల్‌లోనూ అచ్చం ఇలాంటి చిక్కుంది. ఒక కెర్నెల్ కూలిపోయినప్పుడు, ఎందుకు కూలిందో తర్వాత తెలుసుకునేలా మెమరీని దాచుకోవడానికి లినక్స్ ఇంకో చిన్న కెర్నెల్‌ను అప్పటికప్పుడు లేపగలదు. ఆ కొత్త కెర్నెల్‌కు పరికరాలు శుభ్రంగా చేతికి రావు. నెట్‌వర్క్ కార్డు, డిస్కు కంట్రోలరు పాత కెర్నెల్ అడిగిన పనుల తాలూకు పిలుపులను ఇంకా పంపుతూనే ఉంటాయి. కొత్త కెర్నెల్ ఇంటరప్టుల గేటు తెరవగానే ఆ పాత పిలుపులు మీద పడతాయి, వాటికి ఇక్కడ జవాబుదారు లేడు. ఒక పిలుపు లక్షసార్లు వచ్చి, అందులో 99,900 కంటే ఎక్కువసార్లు ఎవరూ దాన్ని తమదని చెప్పకపోతే, లినక్స్ దీన్ని ఎవరూ పట్టించుకోలేదని రాసి ఆ లైనునే మూసేస్తుంది. దాంతో అదే లైనుమీద ఉన్న మంచి పరికరం కూడా మూగబోతుంది. అందుకే బాగా రాసిన డ్రైవరు తన పిలుపును నమోదు చేసుకునే ముందు పరికరాన్ని రీసెట్ చేసి, పాత గుర్తులన్నీ తుడిచేస్తుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన వరస ఇంకొకటుంది. లినక్స్ టైమరు కొట్టుకున్న ప్రతిసారీ జిఫీస్ అనే లెక్క ఒకటి పెరుగుతుంది. 32 బిట్ల మెషీనులో సెకనుకు 100 సార్ల చొప్పున పెరిగితే 497 రోజులకు అది నిండిపోయి సున్నాకు తిరుగుతుంది. ఆ తిరుగుడును సరిగ్గా లెక్కలోకి తీసుకోని డ్రైవరు ఉంటే, ఏడాదికి పైగా హాయిగా నడిచి, ఎవరూ ఊహించని రోజున ఏ ఆస్పత్రి సర్వరులోనో కుప్పకూలుతుంది. కెర్నెల్ రాసేవాళ్లు ఏం చేశారంటే, ఆ లెక్కను సున్నా నుంచి మొదలుపెట్టడం మానేశారు. బూట్ అయిన సరిగ్గా 5 నిమిషాలకు నిండిపోయేలా ముందే పైకి జరిపి మొదలుపెట్టారు. ఇప్పుడు తప్పు ఉంటే రాసినవాడి బల్ల మీదే, అతను చూస్తుండగానే, ఐదు నిమిషాల్లో బయటపడుతుంది.

తప్పును మన బల్ల మీదే ముందుగా బయటపెట్టుకునే ఈ పద్ధతిని మీ చదువుకు నేరుగా వాడుకోవచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్స్ వచ్చు అని రెజ్యూమెలో రాయడం కూడా గేటు తెరవడమే, ఆ మాట పట్టుకుని ప్రశ్నలు వస్తాయి. రాసే ముందు ఎవరైనా స్నేహితుణ్ని ఎదురుగా కూర్చోబెట్టుకోండి. వాడికి కెర్నెల్ తెలియక్కర్లేదు. కరెంటు పెట్టినప్పటి నుంచి మొదటి టైమరు ఇంటరప్టు దాకా ఏమేం జరుగుతుందో చెప్పు అని అడగమనండి, మీరు చెబుతున్న ప్రతి మెట్టు దగ్గరా ఇది ముందెందుకు అని ఆపమనండి. ఎక్కడో ఒకచోట నోరు పడిపోతుంది. పోటీ పరీక్ష గదిలో కాకుండా చర్ల బస్టాండులో పడిపోవడం మంచిది. ఇంటర్వ్యూలో పుస్తకం మాట చెప్పినవాడికీ, డిస్కు వరస తీసేస్తే షెల్ రాలేదు సార్, అయినా మెషీను ఆగలేదు, ఎందుకంటే అని మొదలుపెట్టినవాడికీ ఉన్న తేడా ఎదుటివారికి అర నిమిషంలో తెలిసిపోతుంది. మీ కాలేజీ పేరు వాళ్లు అప్పటికే మరిచిపోయి ఉంటారు.

ఒక జాగ్రత్త చెప్పాలి. గేటు మూసుకుని తయారవడం బాగుందని ఏళ్ల తరబడి మూసుకుని కూర్చునేవాళ్లు ఉన్నారు. ఇంకో కోర్సు అయ్యాక, ఇంకో పుస్తకం అయ్యాక అంటూ. కెర్నెల్ అలా చేయదు. ఇంటరప్టులు ఎక్కువసేపు మూసి ఉంచితే టైమరు కొట్టుకున్నవి దక్కవు, నెట్‌వర్క్ కార్డులో వచ్చిన ప్యాకెట్లు పొర్లిపోతాయి. అందుకే జవాబు చెప్పే ఫంక్షను కూడా అత్యవసరమైనంతే చేస్తుంది. పరికరానికి అందిందని చెప్పి, వచ్చిన సరుకు పక్కన పెట్టి, మిగతా పని తర్వాత చేయడానికి రాసుకుని వెంటనే తప్పుకుంటుంది. మొదటి పిలుపుకు చాలినంత సిద్ధమైతే తెరవాలి. మిగతావి నడుస్తుండగా సర్దుకుంటాయి, ఇంటెల్ మెషీన్లలో అసలు టైమరు సర్దుకున్నట్టు.

ఎక్స్‌వీ6 ప్రయోగాలు అయ్యాక లినక్స్ సోర్సులో డ్రైవర్స్ ఫోల్డరులోకి వెళ్లి ఏదైనా చిన్న డ్రైవరు ఎంచుకోండి. ఎక్కువమంది వాడని పాత పరికరానిదైతే మేలు. అందులో రిక్వెస్ట్ ఐఆర్‌క్యూ అనే మాట వెతకండి. పిలుపుకు జవాబుదారును నమోదు చేసే చోటది. దానికి ముందు వరసలు చదివి మూడు సంగతులు చూడండి: జవాబుదారు వాడే మెమరీ అప్పటికే సిద్ధమైందా, అది పట్టుకునే తాళం అప్పటికే తయారైందా, పరికరంలోని పాత గుర్తులు తుడిచారా. మూడింట్లో ఒకటి లేకపోతే, నిజంగా అది పొరపాటేనా అని పరికరం డేటాషీటుతో సరిచూసుకోండి. పొరపాటే అయితే మీ మొదటి ప్యాచ్, అంటే మీరు లినక్స్‌కు పంపే సవరణ, అదే కావచ్చు. లినక్స్ ప్యాచ్‌లు ఈమెయిల్‌లో మామూలు టెక్స్టుగా వెళ్తాయి, కొన్ని కిలోబైట్లకు మించవు. ఆ మాత్రం సిగ్నల్ చాలు.